గాడి నుంచి గది దాకా: టర్న్‌టేబుల్ ఎంపికలో ఏది ఎంత ముఖ్యం

అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘమైన ఆర్‌ఐఏఏ లెక్కల ప్రకారం 2022లో ఆ దేశంలో వినైల్ ఆల్బములు సీడీల కన్నా ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఒక తరం అటకెక్కించిన వస్తువును మరో తరం కొత్తగా కొనుక్కుంటున్నదన్నమాట. అయితే ఆ రికార్డులను వినిపించే యంత్రాన్ని ఎంచుకోబోయే కొత్తవారికి ముందుగా పరిభాషే అడ్డు తగులుతుంది: బెల్ట్ డ్రైవ్, డైరెక్ట్ డ్రైవ్, మూవింగ్ మాగ్నెట్, ఫోనో స్టేజ్, కంప్లయన్స్, యాంటీ స్కేటింగ్. వీటిలో ఏది చెవికి తెలిసే తేడా తెస్తుందో, ఏది కాగితం మీది అంకెగానే మిగిలిపోతుందో విడమరిచి చెప్పేవారు తక్కువ.

టర్న్‌టేబుల్ గురించిన చర్చలు సాధారణంగా మోటారు దగ్గర మొదలవుతాయి. ఈ వ్యాసం రికార్డు గాడి దగ్గర మొదలవుతుంది. ఈ యంత్రంలోని ప్రతి భాగమూ గాడిలో ముల్లు చేసే పనికి సాయపడటానికో, ఆ పనికి అడ్డు రాకుండా ఉండటానికో ఏర్పడినదే. ఏ భాగానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నది కూడా, అది ముల్లుకు ఎంత దగ్గరగా ఉన్నదనే విషయం మీదనే చాలావరకు ఆధారపడుతుందని నా అభిప్రాయం.

## గాడిలో ఉన్నది ఎంత సూక్ష్మం

కొలంబియా సంస్థ 1948లో ప్రవేశపెట్టిన ఎల్‌పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఆర్‌సీఏ విక్టర్ 1949లో తెచ్చిన చిన్న రికార్డు వేగం 45. అంతకు ముందున్న లక్క రికార్డుల వేగం సుమారు 78. ఇప్పుడు తయారయ్యే టర్న్‌టేబుళ్ళు దాదాపు అన్నీ మొదటి రెండు వేగాలనూ ఇస్తాయి. మూడోది కొన్నింటిలోనే ఉంటుంది.

ఎల్‌పీ ముఖం మీద కనిపించే వందలాది గీతలు నిజానికి ఒకటే గాడి. అంచున మొదలై, చుట్టలు చుట్టుకుంటూ నడిమికి చేరుతుంది. 22 నిమిషాలు మోగే ముఖాన్ని తీసుకుందాం. ఆ సమయంలో రికార్డు సుమారు 733 చుట్లు తిరుగుతుంది. గాడి సగటు వ్యాసార్థం 103 మిల్లీమీటర్లనుకుంటే ఒక్కో చుట్టు పొడవు దాదాపు 65 సెంటీమీటర్లు; మొత్తం పొడవు సుమారు 475 మీటర్లు. వెడల్పు మాత్రం 50 మైక్రాన్లకు అటూ ఇటూగా, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. రెండు గోడలూ చెరో 45 డిగ్రీలు వాలి ఉంటాయి. 1950ల చివర స్టీరియో రికార్డులు వచ్చినప్పటి నుంచి లోపలి గోడ ఎడమ స్పీకరు ధ్వనిని, బయటి గోడ కుడి స్పీకరు ధ్వనిని మోస్తున్నాయి.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది. రికార్డు ఒకే వేగంతో తిరుగుతున్నా, ముల్లు కింద గాడి జారిపోయే వేగం అంతటా ఒకటి కాదు. అంచు దగ్గర, 146 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో, గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు కదులుతుంది. పాటలు ముగిసే చోట, 60 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో, సెకనుకు 21 సెంటీమీటర్లే కదులుతుంది. కాబట్టి 10 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు పదివేల కంపనాల, స్వరం ఒక్క అల, తాళపు గలగలలో వినిపించేలాంటిది, అంచున 51 మైక్రాన్ల పొడవున పరుచుకుంటే లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కోవలసి వస్తుంది. రికార్డు ముఖం చివరికి వచ్చేసరికి ‘స’, ‘ష’ వంటి ఊష్మాలు గరగరలాడటానికి ప్రధాన కారణం ఇదే. కొంతమంది దీన్ని తమ యంత్రం లోపమనుకుని యంత్రాన్నే మార్చేస్తారు. మూలం రికార్డు రూపకల్పనలోనే ఉంది. యంత్రం దాన్ని ఎంతవరకు ఎదుర్కోగలదన్నదే ఎంపికలో తేలవలసిన ప్రశ్న.

## ముల్లు మొన ఆకారం

ఆ ప్రశ్నకు మొదటి జవాబు ముల్లు మొనలో ఉంది. స్టైలస్ అనే ఈ ముల్లు సాధారణంగా వజ్రంతో తయారవుతుంది. అన్నిటికన్నా సులువైన ఆకారం శంకువు. దాని మొన చిన్న బంతిలా గుండ్రంగా, 15 నుంచి 18 మైక్రాన్ల వ్యాసార్థంతో ఉంటుంది. ఇప్పుడు పై లెక్కను గుర్తు చేసుకుందాం: లోపలి గాడిలో 10 కిలోహెర్ట్జ్ అల పొడవు 21 మైక్రాన్లు, అందులో ఒక్కో వంపు పది మైక్రాన్ల చిల్లర. అంతకన్నా లావైన బంతి ఆ వంపులోకి పూర్తిగా దిగలేక పైపైన దొర్లిపోతుంది. దీర్ఘవృత్తాకారపు ముల్లుకు గాడి గోడలను తాకే అంచు సుమారు 8 మైక్రాన్ల వ్యాసార్థంతో ఉంటుంది కనుక అదే వంపును మరింత నమ్మకంగా అనుసరిస్తుంది. షిబాటా, మైక్రోలైన్ వంటి ఆకారాలు ఇంకా సన్నని అంచుతో, గోడ వెంబడి పైకీ కిందికీ పొడవుగా తాకుతాయి. షిబాటా ఆకారం పుట్టుక ఆసక్తికరమైనది. 1970ల తొలినాళ్ళలో జేవీసీ సంస్థ నాలుగు స్పీకర్ల సీడీ-4 రికార్డులను తెచ్చినప్పుడు, అదనపు స్పీకర్ల ధ్వనిని మోసే, మనిషి చెవికి అందని 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగాన్ని కూడా ముల్లు చదవవలసి వచ్చింది. ఆ రికార్డులు మరుగున పడ్డాయి. వాటికోసం పుట్టిన ముల్లు నిలిచింది.

అలాగని సన్నని ముల్లే ఎప్పుడూ మేలని తీర్మానించలేము. అంచు ఎంత సన్నమైతే, ముల్లును గాడికి సరైన కోణంలో బిగించడం అంత కీలకమవుతుంది. కాస్త పక్కకు తిరిగినా దాని ప్రయోజనం తగ్గుతుంది. శంకువు ముల్లు అలాంటి పొరపాట్లను ఓర్చుకుంటుంది. 1960ల్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం రూపొందిన డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్‌కు (ముల్లును పట్టి ఉంచే చిన్న పెట్టెకు) శంకువు ముల్లే ఉంది, అయినా దాన్ని ఇప్పటికీ ఇష్టపడి కొనేవారున్నారు. మధ్యేమార్గంగా దీర్ఘవృత్తాకారపు ముల్లు చాలా ఇళ్ళకు సరిపోతుంది. లోపలి గాడుల గరగరను అసలు సహించలేని శ్రోతకు మాత్రం, మోటారు మీద పెట్టే ఖర్చు కన్నా ఒక మెట్టు పైనున్న ముల్లు మీద పెట్టే ఖర్చు స్పష్టంగా వినిపిస్తుంది.

లక్క రికార్డులు వినాలనుకునేవారికి ఇంకో మాట. వాటి గాడి చాలా వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్‌పీ ముల్లు ఆ గాడి అడుగుకు దిగిపోయి, పేరుకున్న దుమ్మును చదువుతూ పోతుంది. అందువల్ల యంత్రం మీద 78 అనే మీట ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు.

## కదలిక విద్యుత్తుగా మారే చోటు

ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పెట్టె కార్ట్రిడ్జ్. ముల్లు ఉన్న సన్నని కమ్మీకి రెండో చివర అయస్కాంతం ఉండి, అది స్థిరమైన తీగచుట్టల మధ్య కదిలితే అది మూవింగ్ మాగ్నెట్. తీగచుట్టలే కదిలి, అయస్కాంతం స్థిరంగా ఉంటే మూవింగ్ కాయిల్. మొదటిది సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. రెండోదానిలో చాలా రకాలు మిల్లీవోల్టులో సగానికి మించి ఇవ్వవు. మూవింగ్ కాయిల్‌లో కదిలే భాగం తేలికగా ఉండటం వల్ల సూక్ష్మ వివరాలు బాగా పలుకుతాయని దాని అభిమానులు అంటారు. మంచి మూవింగ్ మాగ్నెట్‌కు మంచి ముల్లు తగిలిస్తే ఆ తేడా చాలావరకు చెరిగిపోతుందని ఎదుటి పక్షం వాదన. వాదన ఎటు తేలినా, వాడకంలో ఒక తేడా మాత్రం ఉంది: మూవింగ్ మాగ్నెట్‌లో అరిగిన ముల్లును చేత్తో లాగి కొత్తది తొడుక్కోవచ్చు, మూవింగ్ కాయిల్‌లో ఎక్కువగా కార్ట్రిడ్జ్ మొత్తాన్ని మార్చాలి, లేదా నిపుణులకు పంపి కొత్త ముల్లు వేయించాలి.

మూడో రకం సెరామిక్ కార్ట్రిడ్జ్. సూట్‌కేసు ఆకారంలో వచ్చే చౌక యంత్రాల్లో కనిపించేది ఇదే. ఒత్తిడికి లోనైన పదార్థం తనంతట తానే విద్యుత్తును పుట్టించే గుణం మీద ఇది పనిచేస్తుంది. దీని సంకేతం బలమైనది కనుక అదనపు వలయాలు పెద్దగా అవసరం ఉండవు, ఖర్చు తగ్గుతుంది. దీని ముల్లు బిగుసుగా ఉంటుంది కాబట్టి గాడిలో నిలవాలంటే బరువు ఎక్కువ పెట్టాలి. మూవింగ్ మాగ్నెట్ ముల్లు 1.5 నుంచి 2.5 గ్రాముల బరువుతో నడుస్తుంటే, ఇలాంటి యంత్రాల్లో అది 5 గ్రాముల దాకా పోవచ్చు.

ఈ యంత్రాలు రికార్డులను పాడుచేస్తాయా అన్నది ఎడతెగని వాదం. ఒకటి రెండు సార్లు మోగిస్తే రికార్డు నాశనమైపోతుందనడం అతిశయోక్తి. ఎక్కువ బరువు, బిగుసైన ముల్లు, ఎప్పటికీ మార్చని అరిగిన మొన, ఈ మూడూ కలిసి ఒకే రికార్డు మీద పదే పదే తిరిగితే మాత్రం గాడిలోని సూక్ష్మమైన వంపులు అరగడం ఖాయం. అపురూపమైన పాత రికార్డులు ఇంట్లో ఉన్నవారికీ, రెండు మూడు కొత్త రికార్డులతో సరదాగా మొదలుపెట్టేవారికీ ఈ ప్రమాదం బరువు ఒకటి కాదు.

## ఫోనో స్టేజ్: చాలామంది తడబడే మలుపు

కొత్త యంత్రం తెచ్చి తగిలించగానే ధ్వని గుసగుసలా, పీలగా వినిపించిందనే ఫిర్యాదు తరచుగా వింటుంటాం. చాలాసార్లు దానికి కారణం ఫోనో స్టేజ్ లేకపోవడమే. ఈ వలయం రెండు పనులు చేస్తుంది. మొదటిది సంకేతాన్ని పెంచడం. సీడీ ప్లేయరు సుమారు 2 వోల్టుల దాకా సంకేతం ఇస్తుంది, కార్ట్రిడ్జ్ ఇచ్చేది మిల్లీవోల్టులు. మూవింగ్ మాగ్నెట్ కోసం 40 డెసిబెల్ పెంపు, అంటే వంద రెట్లు, సర్వసాధారణం: 5 మిల్లీవోల్టులు 500 అవుతాయి. డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. దాన్ని అదే వలయానికి తగిలిస్తే 30 మిల్లీవోల్టులే వస్తాయి. 300 కావాలంటే 60 డెసిబెల్, అంటే వెయ్యి రెట్ల పెంపు ఉండాలి. ఫోనో స్టేజ్ మీద ఎంఎం (మూవింగ్ మాగ్నెట్), ఎంసీ (మూవింగ్ కాయిల్) అని రెండు స్థానాలు ఉండటానికి కారణం ఈ లెక్కే.

రెండో పని అంతకన్నా ముఖ్యమైనది. మంద్ర స్వరాలను ఉన్నవి ఉన్నట్టుగా చెక్కితే గాడి విపరీతంగా ఊగి, ఎక్కువ చోటు తినేస్తుంది. హెచ్చు స్వరాలను ఉన్నవి ఉన్నట్టుగా చెక్కితే అవి ఉపరితలపు చిటపటలో కలిసిపోతాయి. అందుకని చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, హెచ్చును పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేస్తారు. 1954 నుంచి ఆర్‌ఐఏఏ పేరుతో స్థిరపడిన ప్రమాణం ప్రకారం, వినేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్ పెంపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్ తగ్గింపు ఉండాలి. ఈ తిరగవేత జరగకపోతే కేవలం వాల్యూమ్ పెంచి ప్రయోజనం లేదు. మృదంగం మాయమై తాళాలు మాత్రం చెవులు చిల్లులు పొడుస్తాయి.

తలకిందులైన పొరపాటు కూడా జరుగుతుంది. ఈ రోజుల్లో చాలా టర్న్‌టేబుళ్ళలో ఫోనో స్టేజ్ లోపలే ఉంటుంది. దాన్ని పనిచేయనిస్తూనే తీగలను యాంప్లిఫయరు మీది ‘ఫోనో’ అనే రంధ్రాలకు తగిలిస్తే, ఆ రంధ్రం 5 మిల్లీవోల్టులు ఆశిస్తుండగా 500 వచ్చి పడతాయి. ధ్వని బద్దలై, మంద్రం బురదలా ఉబికి వస్తుంది. కాబట్టి యంత్రాన్ని ఎంచుకునేముందు ఇంట్లోని యాంప్లిఫయరు వెనకభాగం చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. అక్కడ ఫోనో అని రాసి ఉంటే లోపల ఫోనో స్టేజ్ లేని యంత్రం సరిపోతుంది. అలా లేకపోతే ఆ వలయం ఉన్న యంత్రమో, విడిగా ఒక ఫోనో స్టేజో కావాలి. లోపలి వలయాన్ని మీటతో ఆపగలిగే యంత్రమైతే ముందు ముందు మెరుగైన ఫోనో స్టేజ్ తెచ్చుకోవడానికి దారి తెరిచి ఉంటుంది.

## టోన్‌ఆర్మ్: కనిపించని లెక్కల గూడు

కార్ట్రిడ్జ్‌ను మోసే సన్నని చేయి టోన్‌ఆర్మ్. రికార్డును చెక్కే యంత్రంలో చెక్కే మొన అంచు నుంచి నడిమికి తిన్నని గీతలో కదులుతుంది. ఇంట్లోని టోన్‌ఆర్మ్ ఒక చివర కీలు మీద తిరుగుతుంది కనుక దాని ముల్లు విల్లులాంటి దారిలో కదులుతుంది. ఈ రెండు దారులూ అన్నిచోట్లా కలవవు. కార్ట్రిడ్జ్‌ను కొంత కోణంలో ఒంచి, చేతిని నడిమి కడ్డీకి కాస్త అవతలికి పొడిగిస్తే, రెండు చోట్ల మాత్రం కచ్చితంగా కలుస్తాయి. 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ అనే పరిశోధకులు వేసిన లెక్కల మీదనే నేటికీ ఈ అమరిక ఆధారపడుతున్నది. వాడుకలో ఉన్న ఒక కొలత ప్రకారం ఆ రెండు చోట్లు నడిమి నుంచి సుమారు 66, 121 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. యంత్రంతో వచ్చే అట్టముక్క మీది రెండు చుక్కలు ఈ చోట్లే. ఇలా ఒంచిన చేతిని గాడి ఘర్షణ లోపలివైపు లాగుతుంది. దానికి ఎదురు లాగుడే యాంటీ స్కేటింగ్.

చేయి, కార్ట్రిడ్జ్ ఒకదానికొకటి నప్పాలి. కార్ట్రిడ్జ్‌లోని ముల్లు ఒక మెత్తని స్ప్రింగు మీద ఉన్నట్టుంటుంది. ఆ మెత్తదనాన్ని కంప్లయన్స్ అంటారు. స్ప్రింగుకు బరువు తగిలిస్తే ఒక సహజ వేగంతో ఊగినట్టే, చేయీ కార్ట్రిడ్జూ కలిసి ఒక సహజ వేగంతో ఊగుతాయి. ఆ వేగం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మంచిది. అంతకు తక్కువైతే వంగిన రికార్డు ఎత్తుపల్లాలు ఆ ఊపును రేపుతాయి, ఎక్కువైతే సంగీతపు మంద్రంలోకే చొరబడుతుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. మొత్తం బరువును గ్రాముల్లో తీసుకుని, తయారీదారు చెప్పిన కంప్లయన్స్ అంకెతో గుణించి, వచ్చినదానికి వర్గమూలం కట్టి, 159ని దానితో భాగించాలి. టోన్‌ఆర్మ్ ప్రభావ బరువు (చేయి ఊగేటప్పుడు ముల్లుకు తెలిసే బరువు) 10 గ్రాములు, కార్ట్రిడ్జ్ 6, మరలు 1 గ్రాము అనుకుంటే మొత్తం 17. కంప్లయన్స్ 12 అయితే గుణకారం 204, దాని వర్గమూలం 14.3, జవాబు 11 హెర్ట్జ్, చక్కని జోడీ. అదే 18 గ్రాముల బరువైన చేతికి 30 కంప్లయన్స్ ఉన్న కార్ట్రిడ్జ్ తగిలిస్తే మొత్తం 25 గ్రాములు, గుణకారం 750, వర్గమూలం 27.4, జవాబు 5.8 హెర్ట్జ్. విడివిడిగా రెండూ మేలిరకాలే కావచ్చు. జంటగా మాత్రం కాస్త వంగిన రికార్డు మీద కూడా తడబడతాయి. జపాన్ కార్ట్రిడ్జ్‌ల కంప్లయన్స్‌ను తరచుగా 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తారు కాబట్టి, ఈ లెక్కలో వాడేముందు దాన్ని ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలన్నది ఇందులోని మెలిక.

యంత్రం కొనేటప్పుడే కార్ట్రిడ్జ్ అమర్చి వస్తే తయారీదారు ఈ జోడీని చూసుకునే ఉంటాడు. కొనేవాడు చూడవలసింది ఇంకొకటి: చేతి వెనక కౌంటర్ వెయిట్ అనే బరువును ముందుకూ వెనకకూ జరపగలమా, కార్ట్రిడ్జ్‌ను విప్పి వేరొకటి బిగించగలమా? కొన్ని చౌక యంత్రాల్లో బరువు కర్మాగారంలోనే స్థిరమైపోతుంది. అమరికల జోలికి పోకుండా వినాలనుకునేవారికి అది హాయే. కానీ ఆ యంత్రం ఎంత మంచిదైనా మొదటి రోజు ఎలా పలికిందో చివరిదాకా అలాగే పలకాలి.

## బెల్టా, డైరెక్టా: అరవై ఏళ్ళ వాదం

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం. రికార్డు కూర్చునే పళ్ళెం ప్లాటర్. 1950ల్లో పేరు పొందిన గారార్డ్ 301 వంటి యంత్రాల్లో మోటారు నుంచి ఒక రబ్బరు చక్రం నేరుగా ప్లాటర్ అంచును తిప్పేది. బలమైన ఊపు వచ్చేది, దానితోపాటు మోటారు అదురు కూడా ప్లాటర్‌కు చేరేది. 1961లో ఎడ్గార్ విల్చర్ రూపొందించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ యంత్రం మోటారును దూరంగా పెట్టి, రబ్బరు బెల్టుతో ప్లాటర్‌ను తిప్పింది. ప్లాటర్, టోన్‌ఆర్మ్ రెండింటినీ కలిపి స్ప్రింగుల మీద వేలాడదీసింది. 1970లో టెక్నిక్స్ సంస్థ ఎస్‌పీ-10తో మోటారు ఇరుసునే ప్లాటర్ ఇరుసుగా చేసింది; డైరెక్ట్ డ్రైవ్ అంటే ఇదే. ఆ వంశంలోనే 1972లో ఎస్‌ఎల్-1200 వచ్చి, డీజేల చేతుల్లో ప్రసిద్ధమై, 2010లో ఆగిపోయి, 2016లో తిరిగి వచ్చింది.

బెల్టు పక్షం వాదన ఇది: మెత్తని బెల్టు మోటారు అదురును మింగేస్తుంది కాబట్టి నేపథ్యం నిశ్శబ్దంగా ఉంటుంది. డైరెక్ట్ పక్షం వాదన ఇది: బెల్టు సాగుతుంది, జారుతుంది, ముదురుతుంది, డైరెక్ట్ డ్రైవ్‌లో వేగం కచ్చితం. రెండూ నిజాలే. వేగంలోని ఊగిసలాటను వావ్ అండ్ ఫ్లటర్ అనే శాతంతో చెబుతారు. మామూలు బెల్టు యంత్రానికి 0.1 నుంచి 0.2 శాతం, మంచి డైరెక్ట్ డ్రైవ్‌కు 0.025 శాతం కనిపిస్తుంది. కాగితం మీద ఇది నాలుగు నుంచి ఎనిమిది రెట్ల తేడా.

ఆ తేడాను రికార్డు పక్కన పెట్టి చూడాలి. రికార్డు నడిమి రంధ్రం అరమిల్లీమీటరు పక్కకు పడిందనుకుందాం. అచ్చు వేసేటప్పుడు ఇలాంటివి జరుగుతుంటాయి. 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర గాడి వేగం ప్రతి చుట్టులోనూ 0.5 శాతం పైకీ, 0.5 శాతం కిందికీ పోతుంది. అంటే డైరెక్ట్ డ్రైవ్ అంకెకు ఇరవై రెట్లు, బెల్టు అంకెకు కూడా రెండున్నర రెట్లకు పైగా. పియానో స్వరం 1.8 సెకన్లకొకసారి తేలుతూ మునుగుతూ వినిపిస్తే తప్పు చాలాసార్లు రంధ్రానిదే. ఈ లెక్క చూశాక, బాగా చేసిన బెల్టు యంత్రానికీ బాగా చేసిన డైరెక్ట్ యంత్రానికీ మధ్య ఎంపిక ఇంట్లో వినేవారికి రెండో వరుస ప్రశ్నే అనిపిస్తుంది. రికార్డును వెంటవెంటనే ఆపి తిప్పవలసిన డీజేకు మాత్రం అది మొదటి వరుస ప్రశ్న.

## గదిలోని అదురు, గాలిలోని సంకేతం

మైక్రాన్లను చదివే ముల్లుకు నేల మీది అడుగుల చప్పుడు కూడా సంగీతమే. విల్చర్ స్ప్రింగుల దారి చూపితే, కొందరు తయారీదారులు బరువైన గట్టి దిమ్మ దారి, మరికొందరు తేలికైన బిరుసు పలక దారి పట్టారు. చెక్క నేల ఊగే గదిలో స్ప్రింగుల యంత్రం అడుగడుగుకీ గెంతవచ్చు. దాన్నే గోడకు బిగించిన అర మీద పెడితే ప్రశాంతంగా నడుస్తుంది. స్పీకర్లున్న బల్ల మీదనే యంత్రాన్ని పెడితే స్పీకరు అదురు ముల్లుకు, ముల్లు నుంచి మళ్ళీ స్పీకరుకు చేరి గుర్రుమనే చక్రం ఏర్పడుతుంది. స్పీకర్లు ఒకే పెట్టెలో ఇమిడిన యంత్రాలకు ఈ సమస్య పుట్టుకతోనే ఉంటుంది.

బ్లూటూత్ ఉన్న టర్న్‌టేబుళ్ళ మీద ఒక ఆక్షేపణ ఉంది: సంకేతాన్ని డిజిటల్‌గా మార్చేస్తే ఇక రికార్డు వినడం దేనికని. వినైల్ రికార్డులో అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య దొరికే అంతరం సాధారణంగా 60, 70 డెసిబెల్. సీడీ ప్రమాణపు డిజిటల్ సంకేతం 96 డెసిబెల్ మోయగలదు. కాబట్టి డిజిటల్‌గా మార్చడం వల్లనే రికార్డులోని వివరాలు పోతాయనడం కష్టం. బ్లూటూత్‌లో పంపడానికి సంకేతాన్ని కుదించినప్పుడు కొంత పోవడం నిజం. తీగతో తగిలించే దారి కూడా యంత్రంలో ఉంటే ఈ వాదం వినేవారి ఇష్టానికి వదిలేయవచ్చు.

## పాత యంత్రం కొనేవారికి ఎదురయ్యే లెక్క

పాత యంత్రాల్లో ఇప్పుడు అంత ఖర్చుకు దొరకని పనితనం ఉన్నవి చాలా ఉన్నాయి. ముదిరిన బెల్టు, ఎండిన నూనె, ఎన్ని గంటలు తిరిగిందో తెలియని ముల్లు వాటితో వచ్చే అప్పులు. అంతగా ప్రచారంలో లేని చిక్కు మరొకటి ఉంది. చాలా పాత బెల్టు యంత్రాల మోటారు వేగం ఇంటి కరెంటు తరంగ వేగాన్ని అనుసరిస్తుంది. 60 హెర్ట్జ్ కరెంటున్న దేశం కోసం చేసిన యంత్రాన్ని 50 హెర్ట్జ్ దేశంలో నడిపితే, 33⅓ చుట్లు 27.8కి పడిపోతాయి, పాట మూడు స్వరస్థానాలకు పైగా కిందికి జారుతుంది. వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయలేదు. మోటారు కప్పీ మారాలి, లేదా కరెంటు తరంగాన్ని కొత్తగా పుట్టించే పరికరం కావాలి. క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న (కరెంటు తరంగాన్ని కాక స్ఫటికపు కంపనాన్ని అనుసరించే) డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలకూ, డీసీ మోటారు యంత్రాలకూ ఈ ఇబ్బంది లేదు.

## రెండు యంత్రాలు, పదేళ్ళ వాడకం

ఒకే ధరకు రెండు యంత్రాలు ఉన్నాయనుకుందాం. మొదటిదానికి దళసరి అక్రిలిక్ ప్లాటర్, మెరిసే చెక్క పనితనం, శంకువు ముల్లు, విప్పడానికి వీల్లేని కార్ట్రిడ్జ్. రెండోది చూపుకు సాదా. దానికి జరిపే కౌంటర్ వెయిట్, మార్చుకోగల దీర్ఘవృత్తాకారపు ముల్లు, మీటతో ఆపగలిగే ఫోనో స్టేజ్ ఉన్నాయి. వజ్రపు ముల్లు సాధారణంగా 500 నుంచి 1000 గంటలు మన్నుతుంది. రోజుకొక ఎల్‌పీ రెండు ముఖాలూ వింటే 44 నిమిషాలు. 500 గంటలు గడవడానికి సుమారు 680 రోజులు, 1000 గంటలకు 1360 రోజులు పడుతుంది. పదేళ్ళలో మొదటి ముల్లు కాక మరో రెండు నుంచి ఐదు దాకా అవసరమవుతాయి. ఆడియో టెక్నికా వీఎం95 వంటి వరుసలో కార్ట్రిడ్జ్ దేహం ఒకటే. శంకువు నుంచి షిబాటా దాకా ఏ ముల్లైనా దానికి తొడగవచ్చు. రెండో యంత్రం యజమాని ముల్లు అరిగిన ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కే అవకాశం పొందుతాడు. మొదటి యంత్రం యజమానికి అదే ముల్లు మార్కెట్‌లో ఉన్నంత కాలమే యంత్రం ఉంటుంది.

సోర్సే, అంటే ధ్వని మొదలయ్యే టర్న్‌టేబులే, ప్రధానమనే పాత వాదాన్ని ఇక్కడే తూచాలి. టర్న్‌టేబుళ్ళు తయారుచేసే లిన్ సంస్థను స్థాపించిన ఐవర్ టీఫెన్‌బ్రన్ 1970ల్లో గట్టిగా వినిపించిన మాట అది: గాడి దగ్గర పోయినదాన్ని ఆ తర్వాతి ఏ పరికరమూ తిరిగి తేలేదు. కొలతల మీద నమ్మకమున్నవారు, ధ్వనిలో అన్నిటికన్నా పెద్ద తేడాలు స్పీకర్ల వల్ల, గది వల్ల వస్తాయంటారు. ఇద్దరి మాటా కలిపి చూస్తే, సాధారణమైన స్పీకర్లున్న ఇంట్లో మధ్యస్థమైన యంత్రానికి మంచి ముల్లు పెట్టుకోవడం అర్థవంతంగా కనిపిస్తుంది. అదే ఇంట్లో ప్లాటర్ బరువు కోసం రెట్టింపు పెట్టడం అంతగా వినిపించదు.

ముల్లు దొరకడమన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. 1964లో మొదలై దశాబ్దాలపాటు ఎందరో మెచ్చిన వీ15 కార్ట్రిడ్జ్‌ల తయారీదారు షూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ నుంచే తప్పుకుంది. వాటి దేహాలు ఇప్పటికీ చాలా ఇళ్ళలో చెక్కుచెదరకుండా ఉన్నాయి; జపాన్‌లోని జీకో వంటి వేరే సంస్థలు వాటికి సరిపోయే ముళ్ళు చేస్తుండబట్టి పలుకుతున్నాయి.